పెద్ద మూస

పోయిన వారం గున్నమ్మను జగన్నాధం కొట్టు అరుగు మీద కూర్చోబెట్టి వచ్చాం. కళింగపట్నం నుంచి తొలి బస్సులో వచ్చింది. నెత్తి మీద ఎండుచేపల తట్ట లేదు, నోట్లో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు. ఒళ్ళో ఉన్న కంచు గిన్నెను అరుగు మీద బోర్లించి, "మీ ఆయన్ని పిలు తాయారమ్మా. నీతోటి నాకు మాట నేదు" అంది.

కథ మరిచిపోయినవారి కోసం, పక్కింటి నుంచి ఈ వారం పత్రిక మాత్రమే అరువు దొరికినవారి కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను.

శ్రీకాకుళం నుంచి అరసవల్లి వెళ్ళే రోడ్డు మీద జగన్నాధం కంచు కొట్టు. తాతల నాటి కొలిమి. ఆ కొట్టుది ఒకటే మాట: ఎవరి కంచు వారికే. పగిలిన గిన్నెనో చెంబునో తెచ్చినావిడ దాన్ని తన చేత్తోనే మూసలో వేస్తుంది. మూస అంటే లోహం కరిగించే మట్టి పాత్ర. ఆ మూసలో ఆవిడ కంచు తప్ప మరొకరిది పడదు. అమ్మ చెంబు కూతురి గిన్నె అవుతుంది. పోయినవాళ్ళ చేతి కడియం కూడా అందులో వేసి గిన్నె పోయించుకునే ఇళ్ళు ఆ సముద్రపు ఒడ్డు పొడుగునా ఉన్నాయి. ఆ గిన్నెలో గంజి తాగితే పోయినవాళ్ళు పక్కన కూర్చున్నట్టే ఉంటుందట. పని మాత్రం నత్తనడక. అచ్చు ఆరాలి, మూస కాగాలి, పోత చల్లారాలి, సాన పట్టాలి. గిన్నె కావలసినావిడ మళ్ళీ బస్సు చార్జీ పెట్టుకుని రావాలి.

ఇంతలో ఉక్కు వచ్చింది. విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ కావాలని మన కుర్రాళ్ళు వీధుల్లో గొంతులు చించుకున్నారు. ఫ్యాక్టరీ రాలేదు గానీ నరసింగరావు కొట్లోకి స్టీలు గిన్నెలు దిగాయి. పాత సామాను తూకం వేసి, అప్పటికప్పుడే మెరిసే గిన్నె చేతిలో పెట్టి, పైన ఓ చెంచా కొసరు వేస్తాడు నరసింగరావు. ఆయన కొట్లో రద్దీ చూస్తే అరసవల్లి జాతర ఇక్కడే జరుగుతోందా అనిపించేది. జగన్నాధం కొట్లో కొలిమి రోజు విడిచి రోజు చల్లగా ఉండేది.

సరిగ్గా అప్పుడే జగన్నాధానికి పచ్చకామెర్లు వచ్చాయి. కొత్తవలసలో అక్క ఇంట్లో ఉండి పసరు మందు తాగాడు. అతను అక్కడ ఉప్పులేని కూడు తింటున్నన్నాళ్ళూ ఇక్కడ కొట్టు నడిపింది అతని భార్య తాయారు. తోడుగా మరిది చినబాబు, విజయనగరంలో ఇనుప పోతల కార్ఖానాలో పని నేర్చి వచ్చినవాడు. ఇద్దరూ పనిమంతులే, ఆ మాట ఒప్పుకోవాలి. చినబాబు తోలు తిత్తులు తీసేసి చేత్తో తిప్పే గాలి చక్రం పెట్టాడు. అచ్చులన్నీ ఒకసారి, పోతలన్నీ ఒకసారి అని పని విడగొట్టాడు. తాయారు అరుగు ముందు తాటాకు పందిరి వేయించింది. వచ్చినవాళ్ళకు మజ్జిగ ఇచ్చింది, పేరుపేరునా పిలిచి పిల్లల్ని అడిగింది. ఈ కొట్లో పోసిన గిన్నె ఎప్పుడు బీట తీసినా ఊరికే మాటు వేసి ఇస్తామంది. నరసింగరావు కొట్లో చొట్టపడిన గిన్నె పట్టుకెళ్తే కొత్తది కొనుక్కోమంటాడు. ఇంతవరకూ ఎవరూ వేలెత్తి చూపడానికి లేదు.

వేలెత్తి చూపవలసింది తరవాతిది. ఆదివారాలు దేవుడి దర్శనానికి వచ్చే ఆడవాళ్ళు పొద్దున పాత కంచు మూసలో వేసి గుడికి వెళ్ళి, సాయంత్రం కొత్త గిన్నె పట్టుకుని బస్సెక్కడం మొదలుపెట్టారు. ఇది విజయనగరం మట్టి, అచ్చు బేగి ఆరిపోతాది అని వాళ్ళతో చెప్పేది తాయారు. నిజానికి ఆవిడ గుడి మలుపు తిరగగానే చినబాబు మూసను పటకారుతో బయటికి లాగి, అందులోది పెరట్లో కుప్ప మీద బోర్లించేవాడు. కుప్పంతా వారం మధ్యలో పెద్ద మూసలో పడేది. నలుగురి కంచూ కలిసి కరిగి ఏ ఊరి గిన్నెలో చేరిందో ఎవరికీ తెలియదు. సాయంత్రం ఆవిడ చేతిలో పెట్టేది అంతకుముందు వారం పోసి ఉంచిన గిన్నె. అరుగు పైన బోర్డు మాత్రం అలాగే ఉంది. ఎవరి కంచు వారికే.

ఇక చదవండి.

జగన్నాధం గోడ పట్టుకుని వచ్చాడు. కామెర్లు తగ్గి కొత్తవలస నుంచి ఈమధ్యనే తిరిగొచ్చాడు. కొలిమి సెగ తగలకూడదని వైద్యుడు గట్టిగా చెప్పడంతో ముందు వైపు రావడమే మానేశాడు. గున్నమ్మను చూడగానే అతని మొహం విప్పారింది.

"ఏటి గున్నమ్మా, తట్ట ఏదీ? నాను పత్యం మీద ఉన్నానని సేపలు తేనేదేటి?"

గున్నమ్మ నవ్వలేదు.

"కూకో బాబూ. నిలబడనేకపోతన్నావు. కూకుని ఒక్క మాట సెప్పు. ఈ గిన్నిలో ఉన్న కంచు ఎవుల్ది?"

జగన్నాధం గిన్నె అందుకున్నాడు. అంచు వేలితో తడిమాడు, గోటితో మీటి విన్నాడు. తమ్ముడి పనితనం చూసి అతనికి ముచ్చట వేసింది. మంచి పోత, లోపల గాలిబుడగ లేదు.

"నీదే. మీ అమ్మ సెంబు తెచ్చినావు కాదేటి, తాయారు సెప్పింది. మా కొట్లో ఒకుల కంచు ఇంకొకులకి ఎల్లదు గున్నమ్మా. మా తాత కాలం నుంచి ఎల్లనేదు."

"ఒట్టేసి సెప్పు."

తాయారు మజ్జిగ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఇప్పుడు ఒక్క మాట అంటే చాలు. "ఆగండి" అన్నా చాలు. జగన్నాధం కొలిమి వైపు తిరిగి చెయ్యి చాచాడు.

"ఈ కొలిమి తోడు. నా అన్నం తోడు. ఈ కంచు నీదే."

కట్టుకున్నవాడి చేత అబద్ధపు ఒట్టు వేయించి చూస్తూ నిలబడిన ఆడదాన్ని ఏమనాలో నాకు తెలియదు. తాయారుకూ తెలియలేదు. మజ్జిగ గ్లాసు కింద పెట్టి కొంగు సర్దుకుంది.

గున్నమ్మ చీర చెంగు ముడి విప్పింది. చిన్న కంచు కడియం అరుగు మీద పడి, దొర్లుకుంటూ పోయి గిన్నెకు తగిలి ఆగింది. ఆడపిల్ల మణికట్టుకు సరిపోయే కడియం. అంచున ఓ చోట పెచ్చు లేచిపోయి ఉంది.

"మరి ఇదేటి?"

జగన్నాధానికి అర్థం కాలేదు. తాయారుకు అయింది. కడియం నేల తగలకముందే గుర్తుపట్టింది.

"ఇది మా అమ్మడిది బాబూ. నా కూతురు. తెప్ప ఒడ్డుకి లాగతన్నప్పుడు కొయ్య కింద సెయ్యి పడిపోనాది. ఈ పెచ్చు లేసిపోయింది గానీ గుంట ఎముక ఇరగనేదు. కడియం కాసింది. జొరమొచ్చి గుంట ఎలిపోయిన రోజు సేతికున్న ఈ కడియం తీసి నా కాడ ఎట్టుకున్నాను. కరిగించనీకి మనసు రానేదు, ఏడాది దాచినాను. కార్తీకంలో మా అమ్మ సెంబుతోటి కలిపి ఈ సేత్తోనే మీ మూసలో ఏసినాను. నా గుంట నా గిన్నిలో ఉన్నాది, నా గంజిలో ఉన్నాది అనుకుని నిన్నటి దాకా తాగినాను."

ఆమె గొంతు పెంచలేదు. బేరానికి వచ్చినవాళ్ళకు చేపల ధర చెప్పినట్టు చెప్పింది. అందుకే ఆ మాటలు వినడం కష్టంగా ఉంది.

"నిన్న మా పేటలో దాలమ్మ కోడలు నీల్లబిందె ఎత్తతంటే దాని సేతికి కనబడ్డాది. కొత్త కోడలు, పసుపు బట్టలు ఇంకా మాయనేదు. ఎక్కడిదే గుంటా అంటే, మా అమ్మ పెల్లికి ఎట్టింది, సీకాకులం నుంచి తెచ్చింది అంది. సంగతి సెప్తే ఆ పిల్ల నాకంటే ఎక్కువ ఏడిసింది. తీసి నా సేతిలో ఎట్టీసింది. ఇప్పుడు సెప్పు బాబూ. కరిగిపోయిన కడియం పెల్లికూతురి సేతికి ఎలగొచ్చింది?"

ఎలా వచ్చిందో తాయారుకు తెలుసు.

నరసింగరావు చెంచాల సంగతి చెప్పాను కదా. ఆ చెంచాల పుణ్యమా అని ఆడవాళ్ళు తాయారును కూడా అడగడం మొదలుపెట్టారు. "ఆ కొట్లో కొసరేస్తన్నారు, మీరేటి ఇస్తారు?" అని. అడిగినవాళ్ళను ఉత్త చేతులతో పంపితే వచ్చేవారం రోడ్డు దాటి అవతలి కొట్లోకి పోతారు. తాయారు పెరట్లో కుప్పలో వెతికింది. చిన్న దీపపు కుంది, గజ్జె, ఉంగరం, కడియం, కరిగించడానికి వచ్చినవాటిలో ఇంకా బాగున్నవి ఏరి, చింతపండు పెట్టి తోమి, చీరచెంగుతో తుడిచి కొసరు వేయడం మొదలుపెట్టింది. ఎవరికీ నష్టం లేదు, కుప్పలో వస్తువు కుప్పలోంచే పోతుంది. అలా అనుకుంది.

ఒక ఆదివారం నరసన్నపేట వైపు నుంచి దేముడమ్మ అని ఒకావిడ వచ్చింది. కూతురి పెళ్ళికి కంచం, గిన్నె, చెంబు, గుండిగ, అన్నీ ఏరి పక్కన పెట్టి, చివరికి అవతలి కొట్టు వైపు చూసింది. ఆ చూపు తాయారుకు తెలుసు. లోపలికి వెళ్ళి తోమి ఉంచిన కడియం తెచ్చి, "అమ్మాయి సేతికి ఇది నా కొసరు" అని నవ్వుతూ చెంబులో వేసింది. దేముడమ్మ పొంగిపోయి తాయారు గడ్డం పట్టుకుని ముద్దుపెట్టుకుంది. ఆ ఆదివారమంతా తాయారు తన తెలివికి తానే మురిసింది. కడియం ఎవరిదో పాతది అనుకుంది. ఎవరిదని ఆలోచించలేదు. గున్నమ్మ దాన్ని మూసలో వేసిన పొద్దున తాయారు ఇంకెవరికో తూకం చూస్తూ ఉంది.

జగన్నాధం కడియం చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు. లోపలి వంపులో, చింతపండు అందని చోట, నల్లగా కమిలి ఉంది.

"నిప్పుల్లోకి ఎల్లింది, కరగనేదు. కరగకముందే తీసినారు" అన్నాడు తనలో తాను. అప్పుడు అరిచాడు. "ఒరే సినబాబూ!"

చినబాబు వెనక నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అన్న చేతిలో కడియం చూశాడు, గున్నమ్మను చూశాడు, వదిన మొహం చూశాడు. ఇంకేమీ అడగక్కర్లేకపోయింది. ఆ కడియాన్ని తాయారు తోముతున్నప్పుడు పక్కనే ఉన్నాడు. "వదినా, కుప్పలోది కుప్పలోనే ఉండనీ" అని ఆ రోజే అన్నాడు.

అంతకుముందు కూడా ఒకసారి అన్నాడు. పెద్ద మూస కొత్తగా దించిన రోజుల్లో నిచ్చెన వేసుకుని బోర్డు దగ్గరికి ఎక్కాడు. "ఇది మార్చీద్దాం వదినా. మీ కంచుకి సరితూగిన మంచి కంచు ఇస్తాం, ఒక్క పూటలో ఇస్తాం అని రాయిద్దాం. ఉన్నమాటే సెప్తే తప్పేటి?"

తాయారు నిచ్చెన పట్టుకుని కిందికి దిగమంది. "అలగ సెప్తే ఈ ఆడోళ్ళు మన గుమ్మం ఎక్కరు. పాతదిచ్చి కొత్తది పట్టుకెల్లనీకి నరసింగరావు ఉన్నాడు, మనమెందుకురా? మన కాడ ఉన్నది ఆ ఒక్క మాటే. అది తీసీస్తే మనం ఆయన కంటే చిన్న కొట్టోళ్ళం, అంతే."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఉన్నది ఆ ఒక్క మాటే అని అంత బాగా తెలిసినావిడే ఆ మాటను బోర్డు మీద ఉంచి లోపల తీసేసింది. చినబాబు నిచ్చెన దిగాడు. వదిన మాట దాటడం అతనికి చిన్నప్పటి నుంచీ రాదు. తల్లి పోయాక ఆమె చేతి ముద్దలు తిని పెరిగినవాడు.

"ఇది మూసలోంచి తీసింది ఎవుడు?" అన్నాడు జగన్నాధం.

"నానే అన్నయ్యా."

"మరి గున్నమ్మ తెచ్చిన కంచు ఏదీ?"

"పెద్ద మూసలో ఏసినాను."

"ఎవుల కంచుతోటి?"

చినబాబు నేల చూశాడు. "అందరి కంచుతోటీ."

జగన్నాధం గోడకు ఆనుకుని నెమ్మదిగా అరుగు మీద కూలబడ్డాడు. "అందరిదీనా? ఎప్పటి నుంచిరా?"

"నువ్వు కొత్తవలస ఎల్లిన కాడి నుంచి." చినబాబు గబగబా అందుకున్నాడు. "గిన్ని మంచిదే అన్నయ్యా. కంచులో కల్తీ నేదు, తూకంలో తేడా నేదు. నీ సేతి గిన్నికీ నా సేతి గిన్నికీ పోలిక సూసుకో. నువ్వు పడుకుని ఉంటే కొలిమి ఆరిపోయింది. అవతల ఆయన ఒక్క పూటలో ఇస్తన్నాడు. మేమూ ఒక్క పూటలో ఇస్తేనే..."

"గిన్ని మంచిదేరా, కాదన్నానేటి? మంచి గిన్నిలు నరసింగరావు కాడా ఉన్నాయి. అక్కడికి ఎల్లకుండా ఈ ఆడోళ్ళు బస్సు దిగి మన అరుగు ఎందుకు ఎక్కినారు? గిన్ని కోసమేటి?" జగన్నాధం కొలిమి వైపు చెయ్యి చూపించాడు. "నా సేత ఒట్టు ఏయించినారు కదరా. కొలిమి మీద ఒట్టు. అబద్దపు ఒట్టు."

ఏయించినారు అన్నది తమ్ముణ్ణి మాత్రమే అనుకునే అన్నాడు. తాయారు మాత్రం ఆ మాట తనకు తగిలి ఒక అడుగు వెనక్కి వేసింది.

"కడియం అమ్మింది ఎవుడు?"

గున్నమ్మ చూపు కడియం మీద నుంచి లేచి తాయారు మీద ఆగింది. పందిరి కింద నుంచి సైకిలు బెల్లు, అవతలి కొట్లోంచి స్టీలు గిన్నెలు పేరుస్తున్న గలగల వినిపిస్తున్నాయి. తాయారుకు కావలసినంత వ్యవధి ఉంది. నేను అని ఒక్క మాట. చెప్తే భర్త తన మొహం చూడడు, ఒడ్డు మీది ఆడవాళ్ళెవరూ ఈ గుమ్మం తొక్కరు. చెప్పకపోతే చెప్పేవాడు మరొకడు ఉన్నాడు.

"నానే ఇచ్చినాను" అన్నాడు చినబాబు.

జగన్నాధం లేచాడు. కామెర్ల మనిషికి అంత బలం ఎక్కడ నుంచి వచ్చిందో, తమ్ముడి చొక్కా పట్టుకుని గుమ్మం దాకా లాక్కెళ్ళాడు.

"ఎల్లిపో. సచ్చిపోయిన పిల్ల కడియం తీసి కొట్లో ఎట్టి ఇచ్చినోడివి, ఈ కొలిమి నీది కాదు. మా నాన్న ఉంటే నిన్ను ఆ మూసలో ఏసీవోడు. ఎల్లు!"

చినబాబు దండెం మీది తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. మెట్టు దిగి ఒక్క క్షణం ఆగాడు గానీ వదిన వైపు తిరగలేదు. తిరిగితే ఆమె చెప్పేస్తుందని భయపడ్డాడో, చెప్పదని భయపడ్డాడో. ఆ తరవాత అరసవల్లి వైపు కాకుండా బస్టాండు వైపు నడిచిపోయాడు.

జగన్నాధం గున్నమ్మ ముందు చేతులు జోడించాడు. "నా సేత్తో పోస్తాను గున్నమ్మా. నువ్వు ఎదురుగా కూకో, కరిగినదాకా లెగమాక. మీ అమ్మ కంచు నాను మళ్ళీ తేలేను. అది ఎక్కడుందో నాకు తెల్దు. ఈ కడియం ఒక్కటయినా..."

"అప్పుడు సూద్దాం బాబూ. లోనికెల్లి పడుకో. కళ్ళు మళ్ళీ పచ్చబడినాయి."

అతను గోడ పట్టుకుని లోపలికి వెళ్ళాడు. మంచం కిర్రుమన్న చప్పుడు వినబడేదాకా గున్నమ్మ మాట్లాడలేదు. ఆ తరవాత అరుగు మీది కడియం తీసుకుని చెంగున ముడి వేసుకుంటూ, తలెత్తకుండా అంది.

"దేముడమ్మ కాడికి నిన్న సాయంత్రమే ఎల్లొచ్చినాను."

తాయారు లోపలి తలుపు దగ్గరగా వేసింది.

"పెల్లికూతురి తల్లి కాదేటి, ఆవిడకి గేపకం ఉండదా? కొట్టుగలావిడే నవ్వుతా తెచ్చి సెంబులో ఏసింది, కొసరు అంది, బంగారం లాటి మనిసి అని సెప్పింది. నిన్ను మెచ్చుకుంది తాయారమ్మా."

"గున్నమ్మా..."

"ఇను. అంతా తెలిసే వచ్చినాను. నీ నోటంట వస్తాదేమో సూద్దామని కూకున్నాను. నీతోటి నాకు మాట నేదన్నాను, అబద్దం. నీ మాట ఒక్కటి ఇనాలనే వచ్చినాను. నీ సేతి కూడు తిని పెరిగినోడు నీకు అడ్డం నిలబడితే, అలగే నిలబెట్టీసినావు. ఆడు కంచు కలిపినాడు, ఆడి తప్పు ఆడికుంది. నీ తప్పు కూడా ఆడి నెత్తినెట్టి పంపీసినావు."

తాయారు వంగి ఆమె కాళ్ళు పట్టుకోబోయింది. "ఎవుల్దో తెలిస్తే ఇస్తానేటి? నా మీద ఒట్టు, నాకు తెల్దు. మనిషి సావు తప్పి లెగిసినాడు. ఇప్పుడు నానే సేసినానని ఇంటే తట్టుకోనేడు గున్నమ్మా."

"తట్టుకోనేనిది ఆయనా, నువ్వా?" గున్నమ్మ కాళ్ళు వెనక్కి తీసుకుంది. "నాకు కొత్త గిన్ని ఒద్దు. బదులుకి ఇంకోటీ ఒద్దు. రథసప్తమికి మా పేట ఆడోళ్ళందరం దర్శనానికి వస్తాం. దేముడమ్మనీ తోడు తెస్తాను. అప్పటికి నీ మొగుడికి నువ్వే సెప్పుండాల. సెప్తే ఆవిడ నోరిప్పదు, నాను ఇప్పనివ్వను. నేదంటే ఈ అరుగు మీదే, అందరి ముందర ఇప్పుతాది."

బోర్లించిన గిన్నెను అక్కడే వదిలి గున్నమ్మ రోడ్డెక్కింది. ముట్టని మజ్జిగ గ్లాసు గుమ్మంలో ఈగలు మూగి ఉంది.

తాయారు చాలాసేపు అక్కడే నిలబడింది. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీద అంటే చెప్పలేకపోయేది. ఆరిపోయిన కొలిమిని వెలిగించింది తను. కొత్తవలసలో పసరు మందు పోసిన వైద్యుడికి ముట్టింది ఆ పెద్ద మూసలోంచి వచ్చిన డబ్బే. నాలుగు ఊళ్ళ ఆడవాళ్ళ కష్టసుఖాలు కడుపులో పెట్టుకుంది, వాళ్ళ పిల్లల పేర్లు కంఠతా పట్టింది. నరసింగరావు ఒక్కరి పేరయినా ఎరుగునా? ఆయన ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు, అందుకే ఆయన్ను ఎవరూ మాట తప్పాడనలేదు. ఇంతా చేసిన తనకు మిగిలింది ఇదీ. ఆ కోపంలో నిజం ఉంది, అయినా అది ఆమెకు ఎందుకూ పనికిరాలేదు.

"తాయారూ" అని లోపల్నుంచి పిలుపు.

జగన్నాధం పడుకోలేదు. మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. వేపాకు కషాయం పక్కన అలాగే ఉంది.

"ఒక్క మాట అడుగుతాను. నిజం సెప్పు. ఇదంతా నీకు తెలుసా?"

ఆమె చెప్పవలసిన చోటు ఇదే. ఇంట్లో ఎవరూ లేరు, తలుపు దగ్గరగా వేసి ఉంది. అతను అరవడం లేదు, తిట్టడం లేదు, జ్వరం వచ్చిన పిల్లాడిలా మొహంలోకి చూస్తున్నాడు. ఇప్పుడు చెప్తే రథసప్తమి నాడు ఎవరూ నోరిప్పక్కర్లేదు, చినబాబు బస్సెక్కకముందే వెనక్కి పిలిపించవచ్చు. తాయారు ఇవన్నీ ఆలోచించింది. అన్నీ ఆలోచించే నోరు తెరిచింది.

"నాకు తెల్దు" అంది.

అతను నమ్మాడు. ఇందాకటి నుంచి బిగుసుకుని ఉన్న ఆ పసుపు మొహం కొంచెం సడలింది. ఆమె చెయ్యి అందుకుని తన నుదుటికి ఆనించుకున్నాడు.

"అదే అనుకున్నాను. నీకు తెలిస్తే ఆ రోజే ఆపీసి ఉందువు. నువ్వైనా మిగిలినావు నాకు." ముడుచుకున్న మోకాళ్ళు చాపుకున్నాడు. "రథసప్తమికి ఒడ్డు ఒడ్డంతా వస్తాది తాయారూ. ఆ రోజు నాను అరుగు మీద కూకుంటాను. ఎవుల కంచు ఎవులికి ఎల్లిందో మాకు తెల్దు, మోసం జరిగింది, సేసినోడు నా తమ్ముడు, ఆడిని నా ఇంట్లోంచి గెంటేసినాను అని అందరికీ సెప్తాను. దాపరికం ఒద్దు. కానీ నా మాట ఇకమీదట ఎవులు నమ్ముతారు? నీ మాట నమ్ముతారు. అందరి పేర్లూ నీకే తెలుసు. నువ్వు నా పక్కన నిలబడి, అవును, అంతా సినబాబే సేసినాడు అని గట్టిగా సెప్పాల. సెప్తావు కదూ?"

తాయారు చెయ్యి ఇంకా అతని నుదుటి మీదే ఉంది.

"అలాగే" అంది.